వాడి వంతు వాడికి వదలండి: ఆటిజం ఉన్న పిల్లలతో ఇంట్లో చేసే సాధన

థెరపీ సెంటరులో పిల్లవాడు ఉండేది ముప్పావు గంట. వారానికి మూడుసార్లు తీసుకెళ్లినా రెండు గంటల పైచిలుకు. మేలుకుని ఉన్న తక్కిన సమయమంతా వాడు మన కళ్లెదుటే ఉంటాడు. స్నానం చేయిస్తాం, అన్నం పెడతాం, బట్టలు తొడుగుతాం, పడుకోబెడతాం. ఆ పనుల్లోనే చూపు, ఆట, మాట పెరిగేలా తల్లిదండ్రులు నేర్చుకుని చేసే సాధన గురించి రాస్తున్నాను. ఇది సెంటరుకు పోటీ కాదు. సెంటరు పక్కనే ఇల్లున్న వాళ్లకూ, రేపల్లె వైపు నుంచి పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని బస్సులో రావలసిన వాళ్లకూ ఇది పనికొస్తుంది.

నేను గుంటూరు కొత్తపేటలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. మా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం అని, అంటే మెదడు ఎదిగే తీరులో తేడా వల్ల పలకరింపు, మాట, ఆట మిగతా పిల్లల్లా సాగవని మూడో ఏట తెలిసింది. ఇప్పుడు చిన్న వాక్యాలు మాట్లాడతాడు, అక్కతో పోట్లాడతాడు, కొత్త చోటికి వెళితే ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. ఈ సంగతి కొత్తగా తెలిసిన తల్లులు కొలతలివ్వడానికి వచ్చి, పని అయ్యాక కూడా లేవకుండా కూర్చుంటారు. వాళ్లు అడిగేవాటికి నేను చెప్పే జవాబులే ఇవి.

మొదలుపెట్టే ముందు

పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, ఆకాశంలో విమానం కనబడితే దాన్ని చూసి మళ్లీ మీ ముఖం వైపు చూడకపోవడం, వచ్చిన రెండు మూడు మాటలూ పోవడం: వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. అది వడపోత మాత్రమే, దాన్ని చూసి ఉందనీ లేదనీ తేల్చరు. చెవి పరీక్ష తప్పకుండా చేయించండి. పిల్లవాడు నిద్రలో ఉండగా బెరా అనే పరీక్ష చేస్తారు. వినబడకపోవడం వల్ల పలకకపోవడం వేరు, విని కూడా పలకకపోవడం వేరు. ప్రభుత్వం తరఫున రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను చూసి, అవసరమైన వారిని పై కేంద్రానికి పంపడం దాని పని. మీ అంగన్‌వాడీ టీచరును అడగండి.

"మగపిల్లలకు మాటలు ఆలస్యం", "వాళ్ల నాన్నకూ నాలుగో ఏటే వచ్చాయి" అని ఇంట్లో అంటారు. అననివ్వండి, మీరు మాత్రం ఆగకండి. డాక్టరు పేరు పెట్టి చెప్పేదాకా ఎదురుచూడనక్కరలేదు. ఇక్కడ చెప్పే పద్ధతులు ఏ పిల్లవాడికీ హాని చేయవు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని 1950, 60లలో అమెరికాలో పెద్ద పెద్ద వాళ్లే అన్నారు. తన కొడుక్కే ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో దాన్ని ఖండించాడు. టీకా వల్ల వస్తుందని 1998లో అచ్చైన పత్రాన్ని, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఎవరి దిష్టి తగిలింది అని ఒక ఆడదాన్ని కూర్చోబెట్టి అడగడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ తల్లి బలమంతా అక్కడే హరించుకుపోతుంది. పిల్లవాడికి కావలసిన బలం అది.

ఇది నిజంగా పనిచేస్తుందా అని తండ్రులు తరచుగా అడుగుతారు. ఇంగ్లండులో జోనథన్ గ్రీన్ బృందం ఐదేళ్ల లోపు పిల్లలు 152 మందితో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. తల్లో తండ్రో పిల్లవాడితో ఆడుతుండగా వీడియో తీసి, ఆ వీడియోను థెరపిస్టు వాళ్లతో కలిసి చూస్తూ, పిల్లవాడు ఎక్కడ పలకరించాడో, పెద్దవాళ్లు దాన్ని ఎక్కడ అందుకున్నారో చూపిస్తారు. వెంటనే చూసినప్పుడు తల్లిదండ్రులు స్పందించే తీరు బాగా మారింది, ఆటిజం లక్షణాల్లో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. అవే కుటుంబాలను ఏళ్ల తరవాత మళ్లీ చూసినప్పుడు ఆ పిల్లల్లో లక్షణాల తీవ్రత తక్కువగా ఉందని 2016లో ప్రకటించారు. ఇదే పద్ధతిని మన గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ప్రయత్నించారు. అక్కడ ఇళ్లకు వెళ్లి నేర్పింది స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్నీ మెరుగుపడలేదు, ఆటిజం పోలేదు. అది పోతుందని నేనూ చెప్పను. పిల్లవాడికీ మనకూ మధ్య రాకపోకలు పెరుగుతాయి. నాకు అది చాలా పెద్ద సంగతి.

మొదటి వారం చూడడానికే

జాకెట్టుకు కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టం. పిల్లవాడి దగ్గర కూడా మొదటి వారమంతా కొలత తీసుకోవడమే. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వాడు దేని దగ్గర ఎక్కువసేపు ఉంటాడు? కావలసింది ఎలా తెలియజేస్తాడు? దేనికి బెదురుతాడు? తనంతట తాను మీ దగ్గరకు ఎప్పుడు వస్తాడు? నాలుగో ప్రశ్నకు జవాబు అన్నిటికంటే విలువైనది.

"మా వాడు ఏమీ అడగడండీ" అంటారు. అడుగుతాడు. మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లడం అడగడమే. గ్లాసు మీ ఒళ్లో పడేసి పోవడం అడగడమే. తలుపు దగ్గర చెప్పులు పట్టుకుని ఏడవడం కూడా అడగడమే. ఇవన్నీ రాసుకోండి. మాట లేకపోయినా కబురు ఉంది. మన పని ఆ కబురు అందిందని వాడికి తెలిసేలా చేయడం.

మా వాడు మిషను దగ్గర నేను బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు తప్పనిసరిగా వచ్చేవాడు. ఆ గిర్రున తిరిగే చప్పుడు వాడికి ఇష్టం. మిగతా సమయమంతా వీధి గదిలో ఒంటరిగా ఉండేవాడు. అది నోటుబుక్కులో పడ్డాక, మా సాధనకు తలుపు ఎక్కడుందో తెలిసిపోయింది.

నేల మీద, ఎదురుగా

పక్కన కాదు, ఎదురుగా కూర్చోండి. వాడి కళ్లూ మీ కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. వాడు బోర్లా పడుకుని ఆడుతుంటే మీరూ పడుకోండి. టీవీ ఆపండి, ఫోను వేరే గదిలో పెట్టండి. ఒక్కో విడతకు పది నిమిషాలు చాలు, రోజుకు కొన్ని విడతలు. గంటసేపు కూర్చోబెట్టి చేసే దానికన్నా ఇదే నిలుస్తుంది.

మా ఇంట్లో బొమ్మల కన్నా దారం రీళ్లు ఎక్కువ. వాడు వాటిని గడప వెంట రంగుల వారీగా పేర్చేవాడు. ఒక్కటి జరిపినా ఏడుపే. ఇలాంటి వరసలు చూడగానే చెదరగొట్టి "బండి ఇలా నడపాలి, బొమ్మ ఇలా ఆడాలి" అని నేర్పబోతారు చాలామంది. వరసను ముట్టుకోకండి. అది వాడి పని, వాడికి ప్రశాంతత. నేను విడిగా ఇంకొన్ని రీళ్లు తెచ్చుకుని, వాడికి ఎదురుగా, అలాంటి వరసే పేర్చాను. ఏమీ మాట్లాడలేదు. వాడు ఆపితే నేనూ ఆపాను, వాడు పేరిస్తే నేనూ పేర్చాను. కాసేపటికి వాడు చెయ్యి ఆపి నా వైపు చూశాడు, నేను ఆపానా లేదా అని. మొట్టమొదటి పలకరింపు అదే.

తరవాతి మెట్టు: రీళ్ల డబ్బా నా ఒళ్లోకి మారింది. వాడు చెయ్యి చాపగానే ఒకటి ఇస్తూ "ఎరుపు" అన్నాను. ఇంకోటి, "పసుపు". అడగమనలేదు, చెప్పమనలేదు. నా దగ్గర ఉంటే పని సాఫీగా జరుగుతుందని వాడికి నమ్మకం కుదరాలి, అంతే. కొన్ని వారాలు పోయాక రీలును నా గడ్డం దగ్గర పట్టుకుని ఆగేదాన్ని. చూపు ఇటు తిరగగానే ఆ క్షణమే చేతిలో పెట్టేదాన్ని. తల పట్టుకుని ముఖం తిప్పడం, "ఇటు చూడు, ఇటు చూడు" అనడం వద్దు. కొందరు పిల్లలకు కళ్లలోకి చూడడం కష్టంగా ఉంటుంది. ముఖం వైపు తిరిగితే చాలు, చెయ్యి తాకినా చాలు.

ఇంకా తరవాత ఒక రీలు చాప మీద దొర్లించాను. "దొర్లింది!" వాడు తెచ్చి మళ్లీ నా ముందు పెట్టాడు. మళ్లీ దొర్లించాను. వాడు మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను, వాడు తిరిగి జవాబిచ్చాడు. నేల మీద కూర్చుని పిల్లవాడి ఆటలోనే చేరే ఫ్లోర్‌టైమ్ పద్ధతిని రూపొందించిన స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సెరీనా వీడర్ ఈ రాకపోకలనే ఆయువుపట్టుగా చెప్పారు. రోజుకు ఎన్ని రాకపోకలు జరిగాయన్నదే మీ లెక్క. ఎన్ని రంగులు చెప్పాడు, ఎన్ని అంకెలు చెప్పాడు అన్నది కాదు.

మీ ఇంట్లో రీళ్లు ఉండవు. గిన్నెలు ఉంటాయి, సీసా మూతలు ఉంటాయి, చీపురు పుల్లలు ఉంటాయి. వాడికి ఏది ఇష్టమో దానితోనే మొదలుపెట్టండి. ఒక జాగ్రత్త: సూదులు, పిన్నులు, గుండీలు, బటన్ బ్యాటరీలు ముందు అటక మీదికి చేర్చండి. నోట్లో పెట్టుకునే పిల్లలకు అవి ప్రమాదం.

ఆగడం

అన్నిటికంటే ముఖ్యమైన నైపుణ్యం ఇదే, అందరికీ కష్టమైనదీ ఇదే. మన ఇళ్లలో పిల్లవాడి చుట్టూ నలుగురు పెద్దవాళ్లుంటారు. "తాతయ్య ఎవరు? మామయ్యకు టాటా చెప్పు. ఇదేం రంగు? ఏనుగు ఎలా అరుస్తుంది?" అని అందరూ ఒకేసారి అడుగుతారు. వాడు జవాబు కూడదీసుకునేలోపు మనమే చెప్పేస్తాం. వాడి వంతు రాకుండానే అయిపోతుంది.

ఏదైనా ఒకటి చేశాక లేదా అన్నాక మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. కొంచెం ముందుకు వంగి, కనుబొమలు ఎత్తి, వాడు ఏదో చేస్తాడని ఎదురుచూసే ముఖంతో ఉండండి. పెదవులు కదపకండి. ఆ పది అంకెల్లో వాడు ఒక చూపు చూడవచ్చు, ఒక వేలు కదపవచ్చు, ఒక శబ్దం చేయవచ్చు. దాన్ని మాటగానే తీసుకుని జవాబివ్వండి.

దీనికి ఉప్పుమూట ఆట చాలా మంచిది. మా వారు యార్డు నుంచి రాగానే వాడిని వీపున వేసుకుని "ఉప్పు కావాలా ఉప్పు" అంటూ వరండా చివరి దాకా నడుస్తారు. మధ్యలో ఠక్కున ఆగిపోతారు. ఏమీ అనరు. వాడు వీపు మీద కదులుతాడు, భుజం తడతాడు, తరవాత తరవాత "ఉ" అన్నాడు. ఏది చేసినా వెంటనే నడక సాగాలి. చీర ఉయ్యాల అయినా అంతే: మూడుసార్లు ఊపి, నాలుగోసారి ఉయ్యాలను పట్టుకుని ఆగండి. (మిర్చి సీజనులో మా వారి బట్టల ఘాటుకు వాడు దగ్గరకే రాడు. స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే ఆట. ఇలాంటి చిన్న అడ్డంకులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, వెతికి తీసేయండి.)

నవ్వు ఉన్న చోటే ఆగండి. ఆకలితో, నిద్రతో, భయంతో ఉన్న పిల్లవాడి దగ్గర అన్నం గిన్నె పట్టుకుని ఆగడం సాధన కాదు, హింస.

మాట ఎలా ఇవ్వాలి

ప్రశ్నలు తగ్గించి, వాడు చూస్తున్నదాని గురించి చెప్పండి. వాడికి మాటలు లేకపోతే ఒక్క మాట: "నీళ్లు", "పడింది", "రైలు". వాడు ఒక్క మాట అంటే మీరు రెండు: "చల్లటి నీళ్లు", "రైలు వచ్చింది". వాడి మెట్టు కన్నా ఒక్క మెట్టు పైన, అంతకు మించవద్దు. పొట్టిగా మాట్లాడమంటే తప్పుగా మాట్లాడమని కాదు. "బువ్వ తిను" బాగుంది, దానికి వంకర ముద్దుపలుకులు చేర్చనక్కరలేదు.

కొందరు పిల్లలు విన్నదాన్ని విన్నట్టే తిరిగి చెబుతారు. దీన్ని ఎకోలాలియా అంటారు. మా వాడు దాహమైతే వచ్చి "నీళ్లు కావాలా?" అనేవాడు. నేను రోజూ వాడితో అనే మాట అది. ఆ మాట వెనకే నీళ్లు వస్తాయి కాబట్టి వాడికి అదే నీళ్ల పేరు. ఇలాంటప్పుడు "అలా కాదు, సరిగ్గా చెప్పు" అనకండి. వాడి వైపు నుంచి అనవలసిన మాట మీరే అనండి: "నాకు నీళ్లు కావాలి". అంటూనే గ్లాసు ఇవ్వండి. తిరిగి చెప్పించవద్దు. అలాగే "ఆకలేస్తోందా?" అని అడిగే బదులు, వాడి పొట్ట మీద చెయ్యి వేసి "ఆకలేస్తోంది" అనండి. వాడికి అరువు తీసుకోవడానికి పనికొచ్చే రూపంలో మాటలు ఇవ్వడమే ఇందులో కిటుకు. టీవీ ప్రకటన నుంచి ఒక ముక్క పట్టుకొచ్చి పదే పదే అంటున్నా కసురుకోకండి. ఎప్పుడు అంటున్నాడో నోటుబుక్కులో రాయండి, చాలాసార్లు అర్థం దొరుకుతుంది.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడండి, రెండు భాషలైతే తికమక పడతాడు అని కొందరు సలహా ఇస్తారు. వినకండి. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలకు ఆ కారణంగా మాట మరింత ఆలస్యం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. నాయనమ్మ మాట్లాడే భాష పిల్లవాడికి అందకుండా చేస్తే వాడు ఇంట్లోనే పరాయివాడవుతాడు.

అడగడానికి కారణం కూడా ఉండాలి. అన్నీ అందుబాటులో ఉంటే వాడు ఎందుకు అడగాలి? మరమరాలు కనబడే సీసాలో పోసి మూత బిగించి పెట్టండి. తెచ్చి మీ చేతికిస్తాడు. "తియ్యి" అంటూ తీయండి. గుప్పెడు కాకుండా నాలుగు పెట్టండి, మళ్లీ వస్తాడు. మూడోసారికి విసుక్కుంటే గిన్నె నిండా పెట్టేయండి. వాడిని ఓడించడం మన ఉద్దేశం కాదు.

మాటలు రాని పిల్లలకు బొమ్మల కార్డులు ఇవ్వండి. మీ ఇంటి గ్లాసు, మీ స్కూటరు, మీ బాత్‌రూమ్ తలుపు ఫోనులో ఫొటో తీసి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి లామినేషన్ చేయించండి. కార్డు చేతికిస్తే వస్తువు ఇవ్వండి. బొమ్మలకు అలవాటు పడితే మాటలు రావేమోనన్న భయం వద్దు, అవి మాటకు అడ్డు రావు. గోడ మీద "ముందు", "తరవాత" అని రెండు జేబులు అతికించి, ముందు స్నానం, తరవాత స్కూటరు అని కార్డులు పెడితే రోజులో సగం ఏడుపులు తగ్గుతాయి. తరవాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే వాళ్లకు పెద్ద భయం.

బట్టలు, తిండి, చప్పుళ్లు

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చొక్కా వేయగానే పీక్కునే పిల్లవాడు మొండివాడు కాకపోవచ్చు. మెడ దగ్గర లేబులు గుచ్చుకుంటుంది. కత్తిరిస్తే సరిపోదు, మిగిలిన మొదలు ఇంకా గరుకుగా ఉంటుంది. కుట్టు విప్పి పూర్తిగా తీయండి. లోపల ఓవర్‌లాక్ చేసిన అంచు మీద మెత్తని పాత నూలు గుడ్డ పట్టీ వేసి కుట్టించండి. కొత్త బట్టలు రెండు మూడుసార్లు ఉతికాకే తొడగండి. పండగకు జరీ అంచులు, నెట్టు గుడ్డ, గట్టి కాలరు వద్దు. ఎలాస్టిక్ ఒక అంగుళం వదులుగా వేయించండి.

గుండీలు పెట్టుకోవడం చివరి నుంచి నేర్పండి. మీరు గుండీని కాజాలో సగం దూర్చి పెడితే, అవతలి నుంచి లాగడం వాడి పని. పని పూర్తయిన సంతోషం వాడిదే అవుతుంది. అది వచ్చాక ఒక మెట్టు వెనక్కి జరగండి. పెద్ద గుండీలు, మామూలు కన్నా కొంచెం పెద్ద కాజాలు ఉన్న గుడ్డ ముక్క ఒకటి కుట్టించుకుంటే ఆటలాగా సాధన చేయవచ్చు. ఏ టైలరైనా కుట్టిస్తారు. నిక్కరు తొడుక్కోవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, కంచం తీయడం, అన్నీ ఇలాగే.

తిండి దగ్గర బలవంతం వద్దు. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లలున్నారు. కొత్తది వేరే గిన్నెలో పక్కన పెట్టండి. చూడడం, వాసన, తాకడం, నాలుకతో అంటించుకోవడం ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు. పెరుగన్నంలో దాచి కలిపితే ఉన్న ఆ ఒక్కదాన్నీ వదిలేస్తారు. బరువు పెరగకపోతే, మరీ పాలిపోయి ఉంటే డాక్టరుకు చూపించండి.

చేతులు ఆడించడం, గెంతడం ఆపించకండి. దానివల్ల దెబ్బ తగలనంత వరకు అది వాడికి ఊరట. కుక్కరు విజిలు, మిక్సీ, మండపాల్లో డీజే వాడికి నిజంగా నొప్పిగా ఉండవచ్చు. మిక్సీ వేసేముందు "మిక్సీ" అని చెప్పి చెవులు మూసుకునే వ్యవధి ఇవ్వండి. పెళ్లికి ముందుగా వెళ్లి, బ్యాండు మొదలయ్యేలోపు అక్షింతలు వేసి వచ్చేయండి. బంధువులు ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి.

వాడు ఉక్కిరిబిక్కిరై కింద పడి ఏడుస్తున్నప్పుడు నేర్పడం, బుజ్జగింపు మాటలు, బెదిరింపులు అన్నీ మానండి. చుట్టూ ఉన్న జనాన్ని పంపించండి, లైటు తగ్గించండి, తల నేలకు కొట్టుకుంటుంటే దిండు పెట్టండి, దగ్గరగా మౌనంగా కూర్చోండి. తగ్గాక నీళ్లివ్వండి.

బయటికి కూడా తీసుకెళ్లండి. మా వాడికి రైళ్లు ఇష్టం. గుంటూరు మూడు వంతెనల దగ్గర నిలబడితే పైన రైలు వెళుతుంది. రైలు చప్పుడు దూరాన వినబడగానే "వస్తోంది..." అని ఆగుతాం. ఎండ, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లి, వాడు చాలనగానే తిరిగి వచ్చేస్తాం.

ఇంట్లోవాళ్లు, వీడియో

అందరికీ అన్నీ నేర్పబోకండి. ఒక్కొక్కరికి ఒక్క పని ఇవ్వండి. మా అత్తయ్యకు నేను ఇచ్చిన పని తలకు నూనె రాయడం: రెండుసార్లు రాసి ఆగాలి, వాడు తల ముందుకు వంచితే మళ్లీ రాయాలి. "ఈ మాత్రం దానికి థెరపీ అని పేరెందుకమ్మా" అని ఆవిడే మొదట అన్నది. ఇప్పుడు ఆవిడ ఆగినంత ఓపికగా మా ఇంట్లో ఎవరూ ఆగలేరు. అక్కకో అన్నకో తమ్ముడి బాధ్యత అప్పగించకండి. ఆ బిడ్డకు మీతో ఒంటరిగా గడిపే సమయం రోజూ కొంచెమైనా ఉండాలి. తల్లి నిద్రపోవాలి. నీరసించిన మనిషి పది దాకా లెక్కపెట్టలేదు. వారంలో ఒక సాయంత్రం తండ్రి ఒక్కడే పిల్లవాడిని చూసుకునేలా ఏర్పాటు చేసుకోండి.

వారానికొకసారి ఐదు నిమిషాల ఆటను ఫోనులో వీడియో తీయండి. పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. పిల్లవాడిలో లోపాలు వెతకవద్దు. ఒక్కటే చూడండి: వాడు పలకరించిన క్షణాలు ఎక్కడున్నాయి, మనం ఎక్కడ అందుకున్నాం. ఆడేటప్పుడు కనబడని చూపులు వీడియోలో కనబడతాయి. బాగా జరిగిన ఒక్క చోటును రెండుసార్లు చూసి, వచ్చే వారం దాన్నే పెంచండి. థెరపిస్టు దగ్గరకు వెళితే ఈ వీడియో చూపించండి, అరగంట మాటలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఎవరిని నమ్మాలి

స్పీచ్ థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి వృత్తులవాళ్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి. అడగడంలో మొహమాటం లేదు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని, ఏం చేశారో చెప్పని చోట పిల్లవాడిని వదలకండి. కొట్టినా, బలవంతంగా అదిమి కూర్చోబెట్టినా ఆ రోజే తీసుకొచ్చేయండి. నయం చేస్తామని హామీ ఇచ్చేవాళ్లు దగ్గరకు రానీయదగినవాళ్లు కారు. స్టెమ్ సెల్స్ (మూలకణాల) చికిత్స పేరుతో లక్షలు పోసిన కుటుంబాలు నాకు తెలుసు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన చికిత్స కాదు. ఒంట్లోంచి లోహాలు తీస్తామనే మందులు ప్రాణం మీదికి తెస్తాయి. ఆ డబ్బుతో స్పీచ్ థెరపీ ఏళ్ల తరబడి చేయించవచ్చు.

ఫిట్స్ వచ్చినా, కళ్లు నిలబెట్టి కొన్ని క్షణాలు పలకకుండా పోతున్నా, ఉన్న నైపుణ్యాలు పోతున్నా, రాత్రుళ్లు అసలు నిద్ర లేకపోయినా ఇంటి సాధనతో సరిపెట్టుకోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

కాగితాల సంగతి త్వరగా చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చులు కొన్ని దానిలో వస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో సమగ్ర శిక్షా అనే బడి పథకం కింద నడిచే భవిత కేంద్రాల గురించి మీ ప్రభుత్వ పాఠశాలలో అడగండి.

బడిలో చేర్చేటప్పుడు టీచరుకు ఒక్క పేజీ ఉత్తరం రాయండి. రిపోర్టుల కట్ట ఎవరూ చదవరు, ఒక్క పేజీ చదువుతారు. వాడికి ఏవి ఇష్టం, బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే ఎలా తెలియజేస్తాడు, గంట మోగినప్పుడు ఏం చేస్తాడు, ఏడిస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎవరికి ఫోను చేయాలి. "ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టేదాకా ఆగండి, జవాబిస్తాడు" అని మా వాడి ఉత్తరంలో మొదటి వాక్యం. జూన్‌లో బడి తెరిచే ముందు, తరగతి గదిలో పిల్లలెవరూ లేని రోజు చూసి వాడిని తీసుకెళ్లి బల్ల, బాత్‌రూమ్, నీళ్ల కుళాయి చూపించి, ఆ కాగితం టీచరు చేతికి ఇవ్వండి. తరగతి మారిన ప్రతి ఏడాదీ దాన్ని మళ్లీ రాయాలి, ఎందుకంటే ఏడాదిలో వాడూ మారి ఉంటాడు.